అటకకి రెండు నిచ్చెనలు

ఎనభై ఆరు వరద తర్వాత మళ్ళీ అంతటిది ఆషాఢంలో వచ్చి లంకలన్నిటినీ ముంచిపోయింది కదా, ఆ వరదకి మూడో ఏడాది ఇది. ఈ ఏడాది భాద్రపదంలోనూ వచ్చింది గానీ దాన్ని నేను వరద అనను. నడుం దాకా వచ్చింది, నాలుగు రోజులుంది, పొలాల మీద జానెడు ఇసుక పోసి, హద్దులకి పాతిన ఇనుప గొట్టాలు పెరుక్కుని పోయింది. అలాంటి నీళ్ళకి భయపడి మా గణేష్‌బాబు చేసిన ఘనకార్యం వల్ల నేను రావులపాలెంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండయింది. కొట్టు నడిపే అమ్మాయి పేరు సత్యశ్రీ. "ఓ గంట పడుతుందండి తాతగారూ, వస్తే వస్తాయి, లేదంటే లేదు" అని తెర వైపు తిరిగిపోయింది. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి నత్తలా పాకుతోంది. అది ఈ చివర నుంచి ఆ చివరకి చేరేసరికి మా లంక వెంకటదుర్గ పొలం నలభై సెంట్లు నలభైగానే ఉంటాయో, సగమవుతాయో తేలుతుంది. వెంకటదుర్గ కొట్టు మెట్టు మీద, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుంది. సత్యశ్రీ లోపలికి రమ్మన్నా రాలేదు. గణేష్‌బాబు మాత్రం రాగానే ఫ్యాను కింద కుర్చీ చూసుకున్నాడు.

ఈ గణేష్‌బాబు మా లంక రైతుల సంఘానికి కార్యదర్శి. యాభై దాటాయి. ఎమ్మే చదివాడు, ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతాడు. నాకు వరసకి మేనల్లుడు, మావయ్యగారండి మావయ్యగారండి అంటాడు, అన్నప్పుడల్లా పెన్ను జేబులోంచి తీసి మళ్ళీ పెట్టుకుంటాడు. నేను మూడో తరగతి దాకా వెళ్ళినవాణ్ని, ఆ మూడేళ్ళలో సగం మా గేదె వెనకే తిరిగాను. నాకు పెన్ను లేదు. అయినా ఏ కాగితమైనా ఇద్దరి చేత చదివించుకుని గాని సంతకం పెట్టను, ఇద్దరూ ఒకటే చదివితే గాని పెట్టను. ఇతగాడు అన్నీ చదవగలడు, ఏదీ చదవడు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారని మైకులో చెప్పగానే లంకలో పుట్టిన ఎవడైనా ఒకటే పని చేస్తాడు: విలువైనది అటకెక్కిస్తాడు, రోజువారీ వాడుకునేది కింద వదిలేస్తాడు. బియ్యం పైకి, పట్టాదారు పుస్తకం పైకి, పాత చాప, పగిలిన బకెట్టు కిందే. గణేష్‌బాబు సంఘం కంప్యూటర్ని అలాగే అటకెక్కించాడు. ఎక్కించే ముందు దాని కడుపులో సామాను కూడా అలాగే సర్దాడు. హద్దుల వీడియోలు అసలువి లోపలెక్కడో డి డ్రైవులో ఉన్నాయట, అది అటక. తెర మీద హద్దులు అని పేరు పెట్టుకున్న ఫోల్డరు బొమ్మ ఒకటుంది, నొక్కగానే తెరుచుకుంటుంది, వెతుక్కోనక్కర్లేదు. అందులో కనిపించేవి రోజూ చూసుకోడానికి పెట్టిన నకళ్ళు, పాత చాపలాంటివి అనుకున్నాడు. కంప్యూటర్ బరువెక్కి మెల్లగా నడుస్తోంది కదా, నకళ్ళు తీసేస్తే తేలికవుతుందనుకున్నాడు. బొమ్మ తెరిచాడు, తొమ్మిది వీడియోలూ ఒక్కసారే పట్టాడు, తీసేశాడు. ఇవి మరీ పెద్దవి, చెత్తబుట్టలో పట్టవు, తీస్తే శాశ్వతంగా పోతాయి, తీసెయ్యమంటావా అని అది అడిగిందట కూడా. సరే అని నొక్కాడు. అడిగిన యంత్రానికున్న బుద్ధి నొక్కినవాడికి లేదు.

కొట్లోకి రాగానే అతను చెప్పింది విని సత్యశ్రీ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "షార్ట్‌కట్ తీసేశారా, షార్ట్‌కట్ తెరిచి అందులోవి తీసేశారా అండి?"

"రెండూ ఒకటే కదండి," అన్నాడు ఎమ్మే.

"ఒకటెలా అవుతుందండి. బొమ్మ మూల చిన్న బాణం గుర్తుంటుంది చూశారా, అది దారి మాత్రమే. ఆ బొమ్మని తీసేస్తే దారి పోతుంది, అంతే. దాన్ని తెరిచి లోపలికెళ్ళారంటే మీరు డి డ్రైవులోనే ఉన్నట్టు. అక్కడ తీసేసింది అసలుదే అవుతుంది."

"మరి తెర మీదుంది కదండి?"

ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టబోయింది. నాకు ఓపిక పోయింది. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అది. "అటకకి రెండు నిచ్చెనలేస్తే రెండు అటకలవుతాయా?" అన్నాను.

సత్యశ్రీ నా వైపు తిరిగి నవ్వింది. "ఆయ్, అదేనండి! వంటింట్లోంచి ఎక్కినా వసారాలోంచి ఎక్కినా పైన ఒకటే సామాను. నిచ్చెన తీసి అవతల పారేస్తే ఏం కాదు. నిచ్చెనెక్కి బస్తా కిందికి తోస్తే బస్తానే పోయిద్ది. తాతగారు చదువుకున్నారా అండి?" మూడు అని వేళ్ళు చూపించాను. గణేష్‌బాబు పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కంప్యూటర్ ఎప్పుడు దింపారు, ఎంతసేపు వాడారు అని సత్యశ్రీయే మళ్ళీ అడిగింది. నిన్నే దింపాం, గోడలు ఆరేదాకా అటక మీదే ఉంది, పెట్టి చూస్తే ఫోల్డరు ఖాళీ, ఇతగాడు అదీ ఇదీ నొక్కడం మొదలుపెడితే ఒళ్ళు మండి నేను ప్లగ్గు పీకేశాను. అది విని, "మొత్తం వ్యవహారంలో తెలివైన పని అదొక్కటేనండి" అంది. తీసేసినవి వెంటనే చెరిగిపోవట, కొత్తవి వచ్చి వాటి మీద పడితేనే పోతాయట. అంటే ఇసుక మేట కింద పాత గట్టు లాంటిది. పైకి ఏమీ లేదు, పారతో తవ్వి చూస్తే కిందుంది. ఇంత తేలికైనది అర్థం చేసుకోడానికి కాలేజీలు ఎందుకో నాకు తెలియలేదు. ప్లాస్టిక్ కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను.

గీత కదులుతోంది. బయట అరటి గెలలు కట్టుకున్న సైకిళ్ళు మార్కెట్టు వైపు వెళ్తున్నాయి, ఒక్కొక్క సైకిలుకి ఆరేసి గెలలు, కర్పూర అరటివి, వాటిలో సగం మా లంక కాయే. తొక్కేవాడు కనపడడు, గెలలే నడుస్తున్నట్టుంటుంది. వెంకటదుర్గ వాటిని చూడటం లేదు. ఆవిడకి గెలల కంటే అరటాకు ముఖ్యం, తెల్లారకుండా ఆకు కోసి కట్టలు కట్టి ఇదే మార్కెట్టుకి తెస్తుంది, భర్త పోయి నాలుగేళ్ళయింది, ఆ నలభై సెంట్లలో ఆకే ఆవిడ ఇల్లు నడుపుతోంది. దాని పక్కన అచ్చిబాబు పదెకరాలు. రేపు పొద్దున్న అచ్చిబాబు కొత్త అరటి పిలకలు వేయిస్తున్నాడు, కూలీలకి చెప్పేశాడు, పిలకల ట్రాక్టరు రేవు దగ్గరే ఉంది. నిన్న సంఘం దగ్గర అందరి ముందూ చేతి కడియం తిప్పుకుంటూ అన్నాడు: "మా నాన్న ఎటు చూపిస్తే అటేనండి బాబాయ్‌గారూ, ఆయన మాట నేను దాటను. వీడియో చూపించండి. లేదంటే సర్వేయరు వచ్చేదాకా నాకు తోచిన హద్దుకి వేసుకుంటాను." వీడియో ఎందుకు, నాకు తెలుసు అన్నాను నేను. "మీరు ఆవిడ పక్క మనిషి కదండీ. రెండో మనిషి లేకుండా ఒక్కరి మాట చెల్లదని పద్ధతి పెట్టింది మీరే కదండీ," అన్నాడు. నేను పెట్టలేదు, మా తాతల నాటిది. కానీ నిజమే. వరద తీశాక హద్దుకి ఈ పక్క నుంచి ఒక ముసలివాడు, ఆ పక్క నుంచి ఒక ముసలివాడు ఒకే తాడు చెరో కొస పట్టుకుని నడవాలి. ఒకడు తప్పు తిప్పితే రెండోవాడు తాడు వదిలెయ్యాలి. వదిలితే మళ్ళీ మొదటి నుంచి. ఆషాఢం వరద తర్వాత అలా తొమ్మిది హద్దులు నడిచాం, గణేష్‌బాబు వెనకాలే ఫోను పట్టుకుని తీశాడు. వెంకటదుర్గ పక్కన నేను, అవతలి పక్కన సత్తియ్య, ఈ అచ్చిబాబు తండ్రి. పోయిన మార్గశిరంలో సత్తియ్య పోయాడు.

సత్తియ్య అంటే నాకు లెక్కలేదు. బతికుండగా లేదు, పోయాక మర్యాదకి ఉందనను. వాగుడుకాయ. చుట్ట నోట్లో పెట్టుకునే వాగేవాడు, నిప్పు ఉత్తరీయం మీద రాలినా వాగుడు ఆపేవాడు కాదు. ఎనభై ఆరులో మా పెంకుటిల్లు అటక మీద మూడు రోజులు రెండు కుటుంబాలం ఉన్నాం. వాళ్ళిల్లు మట్టి గోడలది, కూలిపోయింది. మా వంటింటి నిచ్చెన మీద మేమెక్కాం, వసారా నిచ్చెన మీద వాళ్ళెక్కారు, కింద గోదారి సుడి తిరుగుతోంది, అరటి చెట్లు వేళ్ళతో సహా తలుపు గుండా వచ్చి పోతున్నాయి, ఆ మూడు రోజులూ సత్తియ్య ఆపకుండా మాట్లాడాడు. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, ఎవరి దూడ ఎలా తప్పిపోయింది, తన పొలం ఏ మూల ఎన్ని బారలు, నా పొలం ఎన్ని బారలు. పిల్లలు వింటూ నిద్రపోయేవాళ్ళు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. మాట్లాడేవాడికి గుర్తేముంటుంది, ఉన్నదంతా నోట్లోంచి పోతుంది కదా అనుకునేవాణ్ని. నాది నా లోపలుంది. లోపలున్నది పోదు. ఈ కంప్యూటర్ వచ్చాక లంకలో అందరికీ బద్ధకం పట్టింది, హద్దేదిరా అంటే సంఘంలో ఉందండి అంటారు, పాతికేళ్ళవాడికి వాడి పొలం మూల తెలియదు. ఒక్కరోజు అది ఖాళీ అయ్యేసరికి మేకలమందలా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. నాకు ఏ తెరా అక్కర్లేదు. కావాలంటే ఈ కుర్చీలోంచి లేవకుండా నడిచి చూపిస్తాను.

నడిచాను. కరెంటు టవరు దక్షిణపు కాలు, అది ఏ వరదకీ కదల్లేదు. అక్కణ్ణించి పొద్దుపొడుపు వైపు ముప్ఫై బారలు, తుప్పు పట్టిన బోరు గొట్టం, అది భూమిలోకి దిగి ఉంది కాబట్టి ఉంటుంది, ఇసుక తవ్వితే తగులుతుంది. బోరు మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు చర్చి శిలువ కనబడుతుంది, దానికి సూటిగా ఇరవై రెండు బారలు, కుడి పక్క రెల్లు దుబ్బు, ఎడమ పక్క దుర్గ అరటి, అక్కడ గుంట. గేదెలు దిగే గుంట. మా గేదె కూడా దిగేది, బడి ఎగ్గొట్టి దాని వీపు మీద పడుకునేవాణ్ని, నీళ్ళు చెవిలోకి వచ్చేవి, పైన ఆకాశం తప్ప ఏమీ ఉండేది కాదు, మాస్టారు గట్టు మీద నిలబడి కేకేసేవారు, వినపడనట్టు ఉండేవాణ్ని. గుంట దగ్గర నిలబడ్డాను. గుంట దగ్గర హద్దు తిరుగుతుంది. ఏటిగట్టు తూము వైపు తిరుగుతుందా, వంతెన వైపు తిరుగుతుందా. తూము వైపైతే నలభై సెంట్లు. వంతెన వైపైతే ఇరవై. తిరుగుతుంది. ఎటు. మళ్ళీ టవరు కాలు దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై బారలు, బోరు, శిలువ, ఇరవై రెండు, రెల్లు, గుంట. ఎండ. చేతిలో తాడు. ఎదురుగా సత్తియ్య నోట్లో చుట్ట. తాడు బిగుసుకుంటుంది, అతను కదిలాడు కాబట్టి బిగుసుకుంటుంది, ఎటు కదిలాడు. మూడోసారి వచ్చాను. ఈసారి పరుగెత్తినట్టు వచ్చాను, తెలియకుండా దాటేస్తే కాళ్ళే తిరుగుతాయేమోనని. గుంట దాకా వచ్చి ఆగిపోయాయి. ఎనభై ఆరు తర్వాత ఒకసారి, తొంభైలో ఒకసారి, మొన్న ఆషాఢం తర్వాత ఒకసారి, నేను తిరిగిన ప్రతిసారీ తాడు అవతలి కొస ముందు తిరిగింది. నేను వెనక తిరిగాను. నోరు విప్పనివాడికి అన్నీ తెలుసని జనం అనుకుంటారు. జనం సంగతి సరే, నేనూ అనుకున్నాను.

ఫ్యాను గాలికి చెమట చల్లబడింది. మెట్టు మీద నుంచి వెంకటదుర్గ తల తిప్పింది. "బాబాయిగారూ, అందులో రాకపోయినా మీరున్నారు కదండి," అంది. తలూపాను. ఊపిన తలని అప్పుడే నరికేసినా బావుండేది. ఆ పిల్లకి నా మీద ఉన్న నమ్మకంలో సగం కూడా ఆ ఆకుపచ్చ గీత మీద లేదు. గీత మూడొంతులు దాటింది. అప్పుడు నా మనసులోకి ఒకటి వచ్చింది, వచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది: అందులో ఏమీ దొరక్కపోతే బావుణ్ణు. దొరక్కపోతే నేను తూము వైపు అంటాను. గట్టిగా, ఒక్కసారే అంటాను. దుర్గకి నలభై సెంట్లు ఉంటాయి, నా మాటా ఉంటుంది, అచ్చిబాబు కడియం తిప్పుకుంటాడు, ఊరు నన్నే నమ్ముతుంది. ఒకవేళ నిజంగా వంతెన వైపే అయితే? అయితే ఏముంది, చెప్పేవాడు మార్గశిరంలోనే పోయాడు. ఇలా అనుకున్నది నేనే. ఇందాకటి నుంచి ఆ ఎమ్మేని పురుగులా చూసిన నేనే. వాడు చూడకుండా తుడిచాడు. నేను తెలిసి తుడవమంటున్నాను. గణేష్‌బాబు వైపు చూశాను, కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య నొక్కుకుని తెరకేసి చూస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి, కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంటున్నట్టున్నాడు. రావాలని మొక్కుకుంటున్నాడు. ఆ కొట్లో ఆ నిమిషాన రావాలని కోరుకోనివాణ్ని నేనొక్కణ్నే.

"తొమ్మిదిట్లో ఏడొచ్చాయండి," అంది సత్యశ్రీ. "పేర్లు పోయాయి, తెరిచి చూసుకోవాల్సిందే." మొదటిది తెరిస్తే వేరే హద్దు. రెండోది ఆకాశం, గణేష్‌బాబు బొటనవేలు. మూడోది తెరవగానే కొట్టంతా ఆ గొంతు నిండింది. పోయినవాడి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. చుట్ట, ఉత్తరీయం, వాగుడు. తాడు ఈ కొసని ఒక ముసలివాడు పట్టుకున్నాడు, మూతి బిగించుకుని, గడ్డం పైకెత్తుకుని, ఊరికి ఉపకారం చేస్తున్నట్టు నడుస్తున్నాడు. అది నేను. బోరు దాటారు. రెల్లు దాటారు. గుంట దగ్గర ముసలివాడు ఆగాడు. శిలువ వైపు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. నటిస్తున్నాడని నాకు తెలుస్తోంది, మిగతావాళ్ళకీ తెలుస్తోంది.

"ఏరా గంగరాజూ, ఆగిపోయావే?" అన్నాడు సత్తియ్య తెరలోంచి. "నలభై ఏళ్ళ బట్టి చూస్తన్నా, ఈ గుంట కాడికి రాగానే నీకు దిక్కు తెలవదు. తూము వైపురా నాయనా. వంతెన వైపు తిప్పావంటే మా అచ్చిబాబుగాడికి పండగే గానీ, ఆ దుర్గ ఆకు ఎక్కడ కోసుకుంటాదిరా? నడు, నడు. అలిగావేంటి? ఎవరికీ చెప్పన్లే."

నవ్వాడు. తెరలో ముసలివాడు ఒక్క మాట అనకుండా తూము వైపు తిరిగాడు.

ఎవరికీ చెప్పనన్నాడు, ఎవరికీ చెప్పలేదు. అంత వాగినవాడు అదొక్కటి చెప్పలేదు. వెంకటదుర్గ మెట్టు మీద నుంచి లేచి లోపలికి వచ్చి, చెప్పుల్లేకుండానే, తెర ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గణేష్‌బాబు నా వైపు చూసి చటుక్కున తల దించేసుకున్నాడు. వెటకారమైతే తిరిగి చూసి ఉందును. జాలి అది. "నీళ్ళు తాగుతారా మావయ్యగారూ?" అన్నాడు. తాగాను.

సత్యశ్రీ పని ఆగలేదు. ఏడిటినీ రెండు చిన్న డిస్కుల్లోకి ఎక్కించింది. ఒకటి సంఘంలో కాకుండా వేరే ఇంట్లో ఉండాలంది, ఎవరింట్లో అంటే దుర్గ చెయ్యి చాపింది. కంప్యూటర్లో ఉన్నవాటికి తాళం లాంటిది వేసింది, చూడటానికే గానీ తుడవడానికి ఒక పట్టాన కుదరదట. "ఏదైనా తీసేముందు పైన దారి రాసుంటుంది, అది చదవండి. డి అని ఉందంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. అది ఏదైనా అడిగితే పూర్తిగా చదివి నొక్కండి" అని గణేష్‌బాబుకి చెప్పింది. ఆయ్ అలాగేనండి అని అతను పెన్ను తీసి, ఈసారి నిజంగా రాసుకున్నాడు. వచ్చేటప్పుడు ఆటోలో దుర్గ తన డిస్కుని కొంగులో ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి పడవకి లంక పొలాల్లోకి వెళ్ళాను. అచ్చిబాబు అప్పటికే గట్టున ఉన్నాడు, రాత్రి గణేష్‌బాబు ఆ వీడియో ఫోనులో పంపినట్టున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కూలీలు పిలకల పక్కన కూర్చుని ఉన్నారు. తాడు ఒక కొస అతని చేతికిచ్చాను. తీసుకున్నాడు. గణేష్‌బాబుని ఫోను తియ్యమన్నాను. టవరు కాలు నుంచి ముప్ఫై, ఇసుక తవ్వితే బోరు తగిలింది, శిలువకి సూటిగా ఇరవై రెండు. గుంట దగ్గర ఆగాను. దుర్గ, కూలీలు, అందరూ చూస్తున్నారు. గణేష్‌బాబు ఫోను కాస్త పక్కకి తిప్పబోయాడు, నా మొహం పడకుండా. ఇటే పెట్టు అన్నాను.

"నా పేరు గంగరాజు," అన్నాను ఫోనుతో. "ఈ గుంట దగ్గర హద్దు ఎటు తిరిగేదీ నాకు ఎప్పుడూ తెలియదు. సత్తియ్యకి తెలుసు. తూము వైపని అతను చెప్పాడు."

అచ్చిబాబు తాడు వదల్లేదు. తూము వైపు తనే ముందు తిరిగాడు. నేను కొత్త హద్దు గొట్టం నిలబెట్టి, సుత్తి అడిగి తీసుకుని పాతాను.